పెద్దాయన కిర్రుచెప్పులు

పెద్దాయన పోయాడన్న సంగతి తెల్లవారేసరికి ఊరంతా తెలిసింది. ఏడవాలా వద్దా అన్నది మాత్రం ఎవరికీ తెలియలేదు. ఆ రోజే ఓట్ల లెక్కింపు.

మా ఊరి అధ్యక్షుణ్ని ఊరు ఎన్నుకోదు. పైన రాజధానిలో ఏ జెండా ఎగిరితే ఆ జెండా మనిషిని తెచ్చి ఇక్కడి కుర్చీలో కూర్చోబెడతారు. ఏళ్ల తరబడి పైన గీతల జెండాయే ఎగిరింది కాబట్టి, ఏళ్ల తరబడి ఇక్కడ పెద్దాయనే కూర్చున్నాడు. చుక్కల జెండా వాళ్ల తరఫున బడి మాస్టారు ప్రతిసారీ ఊరంతా తిరిగి ఓట్లడిగేవాడు. ప్రతిసారీ ఓడిపోయి, మర్నాడు మామూలుగా బడికి వెళ్లి పాఠం చెప్పుకునేవాడు. ఓడిపోవడం ఆయనకు చొక్కా తొడుక్కున్నంత అలవాటైపోయింది.

పెద్దాయన కంటే ముందు ఆయన చెప్పులు వచ్చేవి. మందపాటి తోలు చెప్పులు. అడుగు వేస్తే కిర్రు, అడుగు తీస్తే కిర్రు. ఆయన మలుపు అవతల ఉండగానే టీకొట్టు బల్ల మీదివాళ్లు లేచి నిలబడేవారు. దర్జీ మిషను తొక్కడం ఆపేవాడు. పిండిమర ఆమె నెత్తిన పిండి దులుపుకుని ముఖానికి ఒక నవ్వు తగిలించుకునేది. ఆయన కనబడకపోయినా సరే, చప్పుడు వినబడితే చాలు.

ఆయన గురించి చెడ్డగా చెప్పాలంటే చాలా ఉంది, ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. మంచిగా చెప్పాల్సింది ఒకటే ఉంది, అది కూడా అందరూ చెబుతారు. ఊళ్లో ఎవరు పోయినా ఆయన వెళ్లేవాడు. ఏ జెండా ఇల్లన్నది చూసేవాడు కాదు. పాడెకు ముందు భుజం ఆయనదే. విజయోత్సవాలకు జీపు ఎక్కేవాడు గాని, చావుకు మాత్రం నడిచే వెళ్లేవాడు. ఊరికి ఉన్న ఒక్క బ్యాండుకు మేస్త్రి అయిన క్లారినెట్టు ముసలాయన, చావు ఊరేగింపు ముందు నిలబడి వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. వెనక కిర్రుమందంటే పెద్దాయన భుజం పెట్టాడన్నమాట, పాడె లేచిందన్నమాట. ఆ చప్పుడు చెవిన పడగానే ఆయన నెమ్మది పాట ఎత్తుకునేవాడు. కుర్చీ కోసమే వెళ్తాడు అని గిట్టనివాళ్లు అనేవారు. కావచ్చు. కాని వెళ్లేవాడు.

పోయేముందు భార్య చెయ్యి పట్టుకుని అడిగింది కూడా అదే.

"నన్ను బండి మీద పంపకు. మనుషుల భుజాల మీద పంపు. ఇంతమందిని మోశాను, నలుగురు దొరకరంటావా?"

"దొరుకుతారు, పడుకోండి" అంది ఆవిడ. ఊరంతా పెద్దమ్మ అని పిలిచే మనిషి. ఇచ్చిన మాట తప్పడం ఆవిడకు రాదు. ఆ తర్వాత ఆయన లేవలేదు.

మొదట వచ్చింది ఆవిడ తమ్ముడు. అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది. బావ నెత్తిన గొడుగు పట్టుకుని నడిచీ నడిచీ ఆ పేరు అరిగిపోయి, ఊళ్లో అందరికీ గొడుగే అయిపోయాడు. బావ బయల్దేరితే వంగి చెప్పులు ముందు పెట్టడం, వెనకే గొడుగు విప్పడం, ఇవే అతని ఉద్యోగం.

గుమ్మంలో నిలబడి బావ వైపు చూశాడు, నోరు తెరిచాడు.

"ఇవాళే పోవాలా అక్కా బావ? పోలింగుకు ముందు పోయినా జాలితో నాలుగు ఓట్లు ఎక్కువ పడేవి. రేపు పోయినా, గెలిచాకో ఓడాకో, ఏదో ఒక దారి తెలిసేది."

"ఆయన్నే అడుగు. అక్కడే ఉన్నారు కదా" అంది పెద్దమ్మ.

ఆవిడ అలవాటు కొద్దీ పొద్దున్నే ఆయన చెప్పులు గుడ్డతో తుడిచి, గుమ్మం పక్కన ఎప్పుడూ పెట్టే చోటనే పెట్టింది. పెట్టాక గుర్తొచ్చింది, ఇవాళ వేసుకునేవాళ్లు లేరని. అయినా తీయలేదు.

వాళ్ల ఇంటికి ఎదురుగానే ఊరి హాలు. హాల్లో టీవీ. శవం తల దగ్గర కూర్చున్న పెద్దమ్మకు టీవీ కనబడదు. గుమ్మం ఒక్కటే కనబడుతుంది, గుమ్మం ముందు విడిచిన చెప్పులు కనబడతాయి. ఆవిడకు లెక్కింపు అంతా ఆ చెప్పుల్లోనే తెలిసింది.

గీతల జెండా ముందుందని హాల్లో కేక పడగానే గుమ్మం ముందు చెప్పులు గుట్టలా పెరిగాయి. ఇల్లు ఏడుపుతో నిండిపోయింది. కాసేపటికి చుక్కల జెండా పుంజుకుందన్నారు. పొయ్యి మీద ఏదో పెట్టొచ్చామని కొందరు, దూడ తాడు తెంపుకుందని కొందరు లేచారు. గుట్ట కరిగిపోయింది. మళ్లీ గీతల జెండా. మళ్లీ గుట్ట.

దర్జీ మరీ పనిమంతుడు. మొదటిసారి వచ్చినప్పుడు, "నాకు మిషను ఇప్పించిన చేతులు..." అని ఎత్తుకుని, హాల్లో కేక వినబడి, మధ్యలో ఆపి వెళ్లిపోయాడు. రెండోసారి వచ్చి కాళ్ల దగ్గర కూలబడి, "...ఇలా చల్లబడిపోయాయే పెద్దమ్మా" అని, వదిలిన చోటు నుంచే అందుకున్నాడు. కుట్టు తెగిన చోట ముడివేసి మళ్లీ కుట్టినట్టు.

"నీ దూడ దొరికిందా?" అని అడిగింది పెద్దమ్మ.

"నాకు దూడ ఎక్కడిది పెద్దమ్మా?"

"ఇందాక తాడు తెంపుకుందని వెళ్లావు."

దర్జీ ముఖాన గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడుపు పెంచాడు.

గీతల జెండా బాగా ముందున్న సమయంలో మాస్టారు వచ్చాడు. ఆయన గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. కొత్తవి. ఈసారైనా గెలుస్తాడేమోనని భార్య కొన్నవి. లోపలికి వచ్చి, శవానికి నమస్కారం పెట్టి, ఓ మూల కూర్చున్నాడు. ఏడవలేదు. కాసేపయ్యాక అన్నాడు.

"అమ్మగారూ, ఆయనతో నేను జీవితమంతా పోట్లాడాను. మా నాన్న పోయినప్పుడు మా వీధిలోకి ఒక్కరూ రాలేదు. మీ ఇంటికి భయపడి రాలేదు."

"తెలుసు."

"ఆయనే వచ్చాడు. వచ్చి ముందు భుజం పెట్టాడు. నేను ఆ రోజు ఒక్క మాట కూడా అనలేకపోయాను, మంచో చెడో."

"అదీ తెలుసు. ఇంటికొచ్చాక ఆ భుజానికి కాపడం పెట్టింది నేనే. మీ నాన్నగారు మంచి బరువు."

మాస్టారు ముఖంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది.

"మాస్టారూ, సాయంత్రం భుజం పడతారా? ఆయన బండి మీద వెళ్లనన్నారు."

"పడతాను అమ్మగారూ. ఎలాగూ ఓడిపోయినట్టే. నాకింకేం పనుంటుంది?"

ఆ మాట ఆయన నోట్లో ఉండగానే హాలు దద్దరిల్లింది. చివరి పెట్టెల్లో లెక్క తిరగబడిందట. పైన చుక్కల జెండా ఎగిరిందట. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారే అందరికీ అర్థమైంది. అందరి తలలూ శవం వైపు నుంచి మూలకు తిరిగాయి.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి పట్టినంత సేపు కూడా జరగలేదు. దర్జీ ముఖాన ఉన్న గుడ్డతోనే కళ్లు తుడుచుకుని, అదే గుడ్డ గాల్లో ఊపాడు. మాస్టార్ని లేవదీశారు. ఆయన "ఉండండి, ఉండండి" అంటూనే ఉన్నాడు, కాళ్లు నేల మీద ఆనడం లేదు. బావ కాళ్ల దగ్గర కూర్చున్న గొడుగు, ఎవరూ చెప్పకుండానే లేచి గుమ్మం దగ్గరికి పరుగెత్తాడు. కొత్త అధ్యక్షుడు బయల్దేరాడు కాబట్టి వంగి చెప్పులు ముందు పెట్టాడు. చెయ్యి మాత్రం ఇన్నేళ్లుగా ఏ చెప్పులు తీసిందో వాటినే తీసింది. జనం తోసేశారు. మాస్టారు కాళ్లు వాటిలో దూరిపోయాయి. ఆ గోలలో ఏ చప్పుడూ ఎవరికీ వినబడలేదు.

ఇల్లు ఖాళీ అయింది. గుమ్మం ముందు మాస్టారి కొత్త చెప్పులు మిగిలాయి. తొందరలో ఎవరో విడిచిపోయిన ఎడమకాలి చెప్పు ఒకటి మిగిలింది, ఆ మనిషి కుడికాలి చెప్పుతో ఊరేగింపులో కుంటుతూ తిరుగుతూ ఉండాలి. పెద్దమ్మ భర్త చెప్పుల చోటు చూసింది. అక్కడ దుమ్ములో వాటి అచ్చు మాత్రం ఉంది.

పెరటి వాకిట్లోంచి బ్యాండు మేస్త్రి వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దమ్మా, గెలిచినవాళ్లు ఊరేగింపుకు బ్యాండు మాట్లాడుకున్నారు. వెళ్లకపోతే ఈ ఊళ్లో ఇక క్లారినెట్టు ఊదలేను. నన్ను తిట్టండి, పడతాను."

"తిట్టడానికి ఓపిక లేదయ్యా. అది అయ్యాక వస్తావా?"

"వస్తాను. కాని ఒట్టి బ్యాండేం చేసుకుంటారు? మోసేవాళ్లేరి?"

మేస్త్రి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాత తమ్ముడు వచ్చాడు. మెడలో చుక్కల కండువా. చంకలో గొడుగు. ఆవిడ కండువా వైపు చూసింది.

"ఇదా?" అన్నాడు. "వద్దంటే బాగుండదని వేసుకున్నా. లోపల మనిషిని నేనేగా అక్కా."

"లోపల మనిషిని ఒకసారి బయటికి పిలుస్తావా? భుజం పట్టాలి."

గొడుగు నేల చూశాడు. "అక్కా, నేను బతకాలి కదా. ఇవాళ మొదటిరోజు. మొదటిరోజే పక్కన లేకపోతే ఆ చోట్లోకి దర్జీ దూరతాడు. వాడప్పుడే గొడుగు కూడా తెచ్చుకున్నాడు. నువ్వు ఊ అను, ట్రాక్టరు మాట్లాడతాను. పరుపు వేయిస్తా. బావకు ఏ కుదుపూ లేకుండా..."

"ఒరేయ్. ఆయన నీకు మొదటి చెప్పులు కొనిపెట్టిన రోజు గుర్తుందా?"

"గుర్తుంది."

"చాలు. వెళ్లు. ఎండెక్కింది, మీ అధ్యక్షుడికి తల మాడుతుంది."

గొడుగు చంకలో గొడుగు సర్దుకుని వెళ్లాడు. పెద్దమ్మ మళ్లీ భర్త తల దగ్గర కూర్చుంది. ఇచ్చిన మాట పోతున్నదని ఆవిడకు అప్పుడే నిజంగా తెలిసింది. అంతవరకూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

ఊరేగింపు ఊరంతా చుట్టింది. మాస్టారు దండల్లో మునిగిపోయి నడుస్తున్నాడు. జీపు ఎక్కమంటే ఎక్కలేదు, నడుస్తానన్నాడు. గొడుగు వెనకే. ముందు బ్యాండు. బ్యాండు మోగుతున్నంతసేపూ అంతా బాగానే ఉంది. టీకొట్టు దగ్గర ఒక పాట అయిపోయింది. ఇంకో పాట అందుకునే ముందు మేస్త్రి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

కిర్రు. కిర్రు.

టీకొట్టు బల్ల మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారో తెలియక ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. పిండిమర ఆమె ముఖానికి తగిలించుకున్న నవ్వు తగిలించుకున్నట్టే ఉండిపోయింది. "పెద్దాయన" అని ఎవరో అన్నారు. గట్టిగా కాదు. ఆ మాట వెనక్కి వెనక్కి పాకింది. నినాదాలిచ్చేవాళ్లు గొంతులు తగ్గించారు.

మేస్త్రి వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన ఎప్పుడూ చూడడు. చెవిన కిర్రు పడింది, వేళ్లు వాటంతటవే కదిలాయి. క్లారినెట్టు నెమ్మది పాట ఎత్తుకుంది. ఆ పాట వస్తే ఏం చెయ్యాలో డోలు వాళ్ల చేతులకు కూడా తెలుసు. ఊరేగింపు అడుగులు వాటంతటవే నిదానించాయి. కొందరు తలపాగాలు తీశారు. జెండాలు వాలాయి. విజయోత్సవం చూస్తుండగానే చావు ఊరేగింపు అయిపోయింది. లేనిదల్లా శవమే.

మాస్టారు ఆగాడు. చప్పుడూ ఆగింది. ఒక అడుగు వేశాడు. కిర్రు. తలవంచి కాళ్లకేసి చూసుకున్నాడు. తర్వాత గొడుగు వైపు చూశాడు.

"నేనే పెట్టానండి" అన్నాడు గొడుగు. "అలవాటు."

"నువ్వు పెట్టావు. నేను వేసుకున్నాను. ఇంత దూరం నడిచి చూసుకోలేదు" అన్నాడు మాస్టారు. మళ్లీ నడక మొదలుపెట్టాడు. ఆయన ఎటు నడిస్తే ఊరు అటు నడిచింది. ఊరేగింపు ఆగాల్సింది ఊరి హాలు ముందు. ఆయన ఎదురుగా ఉన్న పెద్దాయన ఇంటి ముందు ఆగాడు.

పెద్దమ్మ లోపల్నుంచి ఆ చప్పుడు వింది. లేచి నిలబడింది. ఆవిడా లేచింది, అందరిలాగే. గుమ్మంలోకి వచ్చేసరికి మాస్టారు చెప్పులు విప్పుతున్నాడు. తీసి, ఆ దుమ్ములో ఉన్న అచ్చు మీదే జాగ్రత్తగా పెట్టాడు. మెడలోంచి దండలు తీసి గోడ మీద పెట్టాడు.

"సాయంత్రం అన్నాను. కాస్త ముందొచ్చాను" అన్నాడు. "ముందు భుజం నాది."

అంతే. అప్పటిదాకా ఆ గుమ్మం వైపు చూడ్డానికే భయపడ్డవాళ్లు, అధ్యక్షుడు భుజం పట్టాడని తెలిసేసరికి తోసుకుంటూ లోపలికొచ్చారు. దర్జీకీ పిండిమర ఆమె మొగుడికీ వెనక భుజం కోసం మాటామాటా పెరిగింది. "నాకు మిషను ఇప్పించాడు" అని ఒకడు. "నాకు మర ఇప్పించాడు, మర బరువెక్కువ" అని ఒకడు. నలుగురు చాలరని పక్కల నుంచి కూడా పట్టుకున్నారు. పాడె మీద చెయ్యి వేసే చోటు దొరకనివాళ్లు, చెయ్యి వేసినవాళ్ల భుజాల మీద చెయ్యి వేసి నడిచారు.

పెద్దమ్మ అంతా చూసింది. వాళ్లు మోస్తున్నది ఎవర్నో, ఎవరి కళ్లలో పడడానికో ఆవిడకు తెలియక కాదు. కుర్చీ కోసమే. కాని మోస్తున్నారు. ఆవిడ మనసులో ఆ రెండు మాటలూ పక్కపక్కనే కూర్చున్నాయి. దేన్నీ లేవమనలేదు.

ఎండ మండుతోంది. గొడుగు ఎటు నిలబడాలో తెలియక తంటాలు పడ్డాడు. ముందు మాస్టారు చెమటలు కక్కుతున్నాడు. ఆయన భుజం వెనకే బావ ముఖం, తెరిచి ఉంది, ఎండ నేరుగా పడుతోంది. చేతిలో గొడుగు ఒకటే. కొంత దూరం మాస్టారి నెత్తిన పట్టాడు. దర్జీ చూస్తున్నాడు. మలుపు దగ్గర ఎండ బావ కళ్లలో పడింది. బతికుంటే ఆ చోట విసుక్కునేవాడు, "ఇటు పట్టరా" అనేవాడు. ఎవరూ ఏమీ అనలేదు. గొడుగు చెయ్యి దానంతటదే వెనక్కి జరిగింది. నీడ వచ్చి బావ ముఖం మీద పడింది. అప్పుడు అతనికి ఏడుపు వచ్చింది. పొద్దుట్నుంచి లెక్కలు వేసుకుంటూ వాయిదా వేసిన ఏడుపంతా వచ్చింది. కండువాతో తుడుచుకోబోయి, అది చుక్కలదని చూసి, మోచేత్తో తుడుచుకున్నాడు.

పక్కన నడుస్తున్న అక్క అతని వైపు చూడకుండానే అంది.

"ఇవాళ ఒక్కరోజు పట్టరా. రేపట్నుంచి నీ ఇష్టం."

అంతా అయ్యాక, పొద్దు వాలుతుండగా మాస్టారు చెప్పుల కోసం తిరిగొచ్చాడు. గుమ్మం ముందు రెండు జతలూ ఉన్నాయి. కొత్తవీ, కిర్రువీ. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. గొడుగు ఆయన వెనకే ఉన్నాడు. మాస్టారు కొత్త చెప్పుల వైపు అడుగు వేసి, కిర్రుచెప్పుల దగ్గర ఆగాడు. అంతసేపు ఆగడానికి కారణమేమీ లేదు.

"ఎంత చప్పుడో" అన్నాడు. "టీకొట్టు దగ్గర అందరూ లేచారు అమ్మగారూ. ఎప్పుడూ నన్ను చూసి లేవనివాళ్లు."

"చెప్పులు కుట్టినవాడి తప్పది" అంది పెద్దమ్మ. "తోలు సరిగ్గా నానబెట్టలేదు. తెచ్చుకున్న మొదటివారం ఆయన సిగ్గుపడ్డారు. బాగు చేయించాలి, బాగు చేయించాలి అన్నారు. రెండోవారం జనం లేవడం చూశారు. మూడోవారం నేనే వెళ్లి బాగు చేయించుకొస్తానంటే నామీద కేకలేశారు."

మాస్టారు కాలి బొటనవేలితో ఒక కిర్రుచెప్పును నొక్కి చూశాడు.

"మీరింకా మొదటివారంలో ఉన్నారు మాస్టారూ."

గొడుగు అలవాటుగా వంగాడు. చెయ్యి చాచాడు. రెండు జతల మధ్య ఆ చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఒకసారి అక్క వైపు చూశాడు, ఒకసారి కొత్త అధ్యక్షుడి వైపు చూశాడు.

"నువ్వు లే. నేను వేసుకుంటాను" అన్నాడు మాస్టారు. తన కొత్త చెప్పులే తొడుక్కుని, ఆవిడకు నమస్కారం పెట్టి వీధిలోకి దిగాడు. గొడుగు టక్కున గొడుగు విప్పి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"అక్కా, వెళ్లనా?"

"వెళ్లు. ఎండ పోయింది కదా, అది మూసుకుని వెళ్లు."

అతను పైకి చూశాడు. మూశాడు. చంకలో పెట్టుకుని వెళ్లాడు. పెద్దమ్మ మాస్టారి అడుగులు వీధి చివరిదాకా చెవులతోనే సాగనంపింది. చప్పుడేమీ లేదు. మలుపు దగ్గర టీకొట్టు బల్ల మీదివాళ్లు ఆయన్ని చూసి లేచి నిలబడడం మాత్రం ఆవిడకు అరుగు మీది నుంచే కనబడింది.